తప్పు రాస్తే తప్పని చెప్పే సెట్టింగ్ ఫైలు ఇవ్వండి: డ్రైవర్లు రాసే తెలుగు ఇంజనీర్లకు బహిరంగ లేఖ

కంప్యూటర్‌కి తగిలించిన పరికరాలను నడిపే ప్రోగ్రాములు, అంటే డివైస్ డ్రైవర్లు, రాసే మిత్రులకు నమస్కారం.

మీలో కొందరు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో చిప్ కంపెనీల్లో పనిచేస్తున్నారు. కొందరు వేరే దేశాల్లో ఉండి లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నల్‌కి ప్యాచ్‌లు (దిద్దుబాట్లు) పంపుతున్నారు. నేను మీ డ్రైవర్లను వాడే మనిషిని. గోదావరి జిల్లాలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్‌లు చూసుకుంటాను. కోడ్ కొంతవరకు చదవగలను, డ్రైవర్ రాసేంత రాదు. ఆ డ్రైవర్‌కి బయటినుంచి మేం చెప్పుకునే సెట్టింగులు ఉంటాయి కదా, మీరు పారామీటర్లు అంటారు, వాటిని ఏ రూపంలో రాయాలన్నదే ఈ ఉత్తరం విషయం. కొత్త బోర్డులకి సొంత కాన్ఫిగరేషన్ ఫైలు పద్ధతి తయారుచేసే పనిలో ఉన్నామని నా పాత విద్యార్థులు ఇద్దరు ముగ్గురు ఫోన్లో చెప్పారు. అది ఖరారయ్యేలోపు దీన్ని ఒకసారి చదవండి.

ముందు మా ల్యాబ్‌లో ఏం జరిగిందో చెబుతాను.

మా ఫస్టియర్ పిల్లలకి ఇంగ్లీషు లాంగ్వేజ్ ల్యాబ్ ఉంది. 36 సిస్టమ్‌లు, అన్నీ లినక్స్. ఒక్కోదానికి ఒక యూఎస్‌బి హెడ్‌సెట్. ల్యాబ్ సాఫ్ట్‌వేర్ బాగా పాతది. 0వ నంబరు సౌండ్ కార్డునే తెరుస్తుంది, వేరేది ఎంచుకోనివ్వదు. సిస్టమ్‌లో మదర్‌బోర్డు సౌండ్ ఒకటి, హెచ్‌డిఎంఐ తీగ ద్వారా మానిటర్‌కి వెళ్ళే సౌండ్ ఇంకొకటి, హెడ్‌సెట్ మూడోది. కెర్నల్‌కి ఏది ముందు కనిపిస్తే దానికి 0 నంబరు పడుతుంది. అందుకని డ్రైవర్లను లోడ్ చేసే మోడ్‌ప్రోబ్ కమాండ్ సెట్టింగులుండే ఫోల్డర్‌లో రెండు లైన్ల ఫైలు పెట్టాం. మదర్‌బోర్డు సౌండ్ డ్రైవర్‌ని 1, 2 నంబర్లు తీసుకోమని ఒక లైను. యూఎస్‌బి ఆడియో డ్రైవర్‌ని 0 తీసుకోమని ఇంకో లైను. రెంటిలోనూ పారామీటర్ పేరు ఇండెక్స్.

ప్రాక్టికల్ పరీక్ష ముందు రోజు సాయంత్రం పది పన్నెండు సిస్టమ్‌లు ఆన్ చేసి చూశాం. అన్నీ బాగున్నాయి. మర్నాడు ఎక్స్‌టర్నల్ వచ్చి కూర్చున్నాక 11 సిస్టమ్‌లలో హెడ్‌సెట్ లేదు. సౌండ్ తక్కువ రావడం, మైకు పనిచేయకపోవడం లాంటివి కావు, అసలు కార్డుల జాబితాలోనే అది లేదు. ఒక అమ్మాయి ఐదు నిమిషాలు మాట్లాడింది, రికార్డింగ్ ఖాళీగా వచ్చింది. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్ల. ఆ ఐదు నిమిషాల కోసం నెల రోజులు సాయంత్రాలు ల్యాబ్‌లోనే కూర్చుని ప్రాక్టీసు చేసింది. మళ్ళీ మొదటినుంచి మాట్లాడమ్మా అంటే గొంతు పెగల్లేదు.

లాగ్, అంటే మెషీన్ తను చేసినవన్నీ రాసిపెట్టుకునే చిట్టా, తీసి చూశాను. యూఎస్‌బి ఆడియో డ్రైవర్ 0వ స్థానం దొరకలేదని ఎర్రర్ ఇచ్చింది. దాంతో నేను యూఎస్‌బి లైను పట్టుకుని గంటన్నర కూర్చున్నాను. హెడ్‌సెట్లు మార్చాను, పోర్టులు మార్చాను. ఆ లైనులో ఏ తప్పూ లేదు. తప్పు పై లైనులో ఉంది. ఇండెక్స్ అనే మాట ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో మధ్యనున్న 'ఈ' అక్షరం టైపు చేసేటప్పుడు ఎగిరిపోయింది. ఆ పేరుతో పారామీటర్ లేదు కాబట్టి కెర్నల్ దాన్ని పక్కన పెట్టి డ్రైవర్‌ని లోడ్ చేసేసింది. మదర్‌బోర్డు సౌండ్ ముందు లేచిన సిస్టమ్‌లలో అది 0 నంబరు తీసుకుంది. తర్వాత వచ్చిన హెడ్‌సెట్‌కి చోటు లేకుండా పోయింది. హెడ్‌సెట్ ముందు లేచిన సిస్టమ్‌లలో అంతా సరిగ్గా ఉన్నట్టే కనిపించింది. ముందు రోజు మేం చూసినవి అవే.

ఇక్కడ నన్ను ఎక్కువ బాధపెట్టింది ఏమిటంటే, తప్పు రాసిన లైను గురించి లాగ్‌లో ఒకే ఒక చిన్న హెచ్చరిక ఉంది: ఫలానా పారామీటర్ తెలియదు, వదిలేశాం అని. బూట్ అయ్యేటప్పుడు వచ్చే వందలాది లైన్ల మధ్య అది ఎక్కడో ఉంది. సరిగ్గా రాసిన లైను మీద మాత్రం ఎర్రర్ వచ్చింది. అంటే మెషీన్ నా వేలు పట్టుకుని తప్పు దారిలోకి తీసుకెళ్ళింది.

తర్వాత కుతూహలం కొద్దీ కెర్నల్‌లో పారామీటర్లు చదివే భాగం తెరిచి చూశాను. మీలో చాలామందికి అది కంఠస్థం అయి ఉంటుంది. పేరు సరిగ్గా రాసి విలువ తప్పు రాస్తే, అంటే అంకె ఉండాల్సిన చోట అక్షరాలు పెడితే, ఆ విలువ చెల్లదని చెప్పి మాడ్యూల్, అంటే ఆ డ్రైవర్, లోడ్ కావడాన్నే ఆపేస్తుంది. పేరే తప్పు రాస్తే మాత్రం హెచ్చరించి ముందుకు పోతుంది. ఒకే లైనులో జరిగే రెండు తప్పులకి రెండు నియమాలు. విలువలో తప్పు పెద్ద నేరం, పేరులో తప్పు లెక్కలోకే రాదు. మామూలు మనిషి చేతిలో ఎక్కువగా జరిగేది మాత్రం పేరులో తప్పే.

ఇది మొదట్నుంచీ ఇలా లేదు. 2013కి ముందు తెలియని పారామీటర్ కనిపిస్తే మాడ్యూల్ లోడ్ అయ్యేది కాదు. ఆ సంవత్సరం మార్చారు. మార్చినవాళ్ళ కారణం కూడా న్యాయమైనదే. ఒక డ్రైవర్‌లో పాత పారామీటర్‌ని తీసేశారనుకుందాం. ఎప్పుడో ఆరేళ్ళ కింద దాన్ని సెట్టింగ్ ఫైల్లో రాసి మరిచిపోయినవాళ్ళు కెర్నల్ అప్‌డేట్ చేసుకుంటారు. ఆ ఒక్క లైను వల్ల నెట్‌వర్క్ డ్రైవరో డిస్క్ డ్రైవరో లోడ్ కాకపోతే మెషీనే లేవదు. దూరంగా ఎక్కడో ర్యాక్‌లో ఉన్న సర్వర్ అయితే దాన్ని చేరుకోవడానికి దారే ఉండదు. పాత పారామీటర్ వదిలేయడమే మేలని అనుకున్నారు. నేనైనా అలాగే అనుకునేవాణ్ణేమో.

కానీ అక్కడ రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి. ఒకప్పుడు ఉండి ఇప్పుడు తీసేసిన పేరు ఒకటి. ఎప్పుడూ లేని పేరు ఇంకొకటి. మొదటిది కాలం వల్ల వచ్చిన తేడా, రెండోది చేతి తప్పు. ఈ రెంటికీ ఒకే జవాబు ఇవ్వక్కర్లేదు. మీరు తయారుచేస్తున్న కొత్త పద్ధతిలో డ్రైవర్ దగ్గర రిటైరైన పేర్ల పట్టిక ఒకటి పెట్టండి. ఈ పేరు ఇంతకుముందు ఉండేది, ఇప్పుడు లేదు, దాని బదులు ఇది వాడండి అని ఒక్కో పేరుకి ఒక్క వాక్యం. పాత పేరు కనిపిస్తే ఆ వాక్యం చెప్పి ముందుకు వెళ్ళండి. ఏ పట్టికలోనూ లేని పేరు కనిపిస్తే, ఏ ఫైలు, ఎన్నో లైను, ఏ మాట అన్నది చెప్పండి. దగ్గర్లో ఉన్న సరైన పేరేమిటో కూడా చెప్పండి. ఇండెక్స్‌లో ఒక అక్షరం పోతే దానికి దగ్గర మాట కనుక్కోవడం ఈరోజుల్లో పెద్ద పని కాదు, చాలా ప్రోగ్రామింగ్ కంపైలర్లు చేస్తున్నాయి.

డ్రైవర్‌ని ఆపాలా వద్దా అన్నది ఆ పారామీటర్ దేన్ని తాకుతుందో చూసి డ్రైవర్ రాసినవాళ్ళే ముందుగా ప్రకటించాలి. సౌండ్ కార్డు నంబరు తప్పయితే డిఫాల్ట్‌తో లేవచ్చు. వోల్టేజీ, ఫ్యాను వేగం, ఫ్లాష్ మెమరీ రాత లాంటివాటిలో లైను అర్థం కాకపోతే డ్రైవర్ లేవకూడదు. డిఫాల్ట్‌తో లేచిన చోట కూడా "ఈ డివైస్ సెట్టింగ్ ఫైల్లో అర్థం కాని లైను ఉంది" అన్న గుర్తు లాగ్‌లో కొట్టుకుపోకుండా ఒక స్థిరమైన చోట నిలిచి ఉండాలి. నా స్క్రిప్టు 36 సిస్టమ్‌లలో ఆ ఒక్క గుర్తు చదివి ఎర్ర రంగు ఎక్కడుందో చూపిస్తే ముందు రోజు సాయంత్రమే మాకు తెలిసేది.

నేను మీ దగ్గర అడిగేది ఇదే: రాసినవాడికి జవాబు చెప్పే ఫైలు. మిగతావన్నీ దీని చుట్టూ తిరిగే సంగతులే, కానీ వాటిలో ఒకటి చాలా పెద్దది. ఏ డివైస్‌కి చెబుతున్నామన్నది.

లినక్స్ మాడ్యూల్ పారామీటర్ డ్రైవర్ మొత్తానికి వర్తిస్తుంది. ఒకే రకం కార్డులు రెండుంటే ఒకదానికి ఒక విలువ, ఇంకోదానికి ఇంకో విలువ చెప్పాలంటే కామాలు పెట్టి వరసగా రాయాలి. మొదటి అంకె మొదట కనిపించిన కార్డుకి, రెండోది తర్వాత కనిపించినదానికి. ఏది మొదట కనిపిస్తుందో రాసేవాడి చేతిలో లేదు. ఇది పెళ్ళి భోజనాల్లో విస్తళ్ళ మీద పేర్లు రాయకుండా, వచ్చిన వరసలో కూర్చోబెట్టి, షుగర్ ఉన్న పెద్దాయనకి వేరే వంట పెట్టాలనుకోవడం లాంటిది. కెర్నల్ సమీక్షల్లో కొత్త మాడ్యూల్ పారామీటర్ తెస్తే పెద్దలు చాలాసార్లు వద్దనేది ఈ కారణంతోనే. వాళ్ళు వద్దనడం సబబే. అయితే వాళ్ళు వద్దన్న తర్వాత మాలాంటివాళ్ళకి మిగిలే దారి ఏమిటో కూడా ఎవరో ఒకరు ఆలోచించాలి కదా.

ఆలోచించినవాళ్ళు ఉన్నారు. ఫ్రీబీఎస్‌డి అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్‌లో డివైస్ హింట్స్ అని ఒక ఫైలుంటుంది. హింట్, డ్రైవర్ పేరు, యూనిట్ నంబరు, సెట్టింగ్ పేరు, ఈ నాలుగూ చుక్కలతో కలిపి రాస్తారు. మొదటి సీరియల్ పోర్టు అడ్రసు ఇది, దాని ఇంటరప్ట్ (ప్రాసెసర్‌ని పిలిచే గీత) 4 అని డివైస్ వారీగా చెప్పవచ్చు. తమంతట తాము ఉనికి చెప్పుకోలేని పాత ఐఎస్ఏ స్లాటు డివైస్‌ల అవసరంలోంచి వచ్చిన పద్ధతి అది, అయినా ఆలోచన సరైనది. లినక్స్‌లోనే నెట్‌వర్క్ కార్డుల వైపు డెవ్‌లింక్ అనే సెట్టింగుల పద్ధతి వచ్చింది. 2018లో దానికి పారామీటర్లు చేర్చారు. అక్కడ ముందు కార్డు ఉన్న పీసీఐ అడ్రసు (ఏ స్లాటులో ఉందో) చెప్పాలి, తర్వాతే పారామీటర్ పేరు. గందరగోళానికి తావు లేదు. సౌండ్ వాళ్ళూ తమ దారి చూసుకున్నారు. యూఎస్‌బి ఆడియో డ్రైవర్‌కి తయారీదారు నంబరు, ఉత్పత్తి నంబరు ఇచ్చి ఫలానా రకం హెడ్‌సెట్‌కి ఫలానా స్థానం అని చెప్పవచ్చు.

ఒక మనిషిని ఇంటి నంబరుతో గుర్తుపట్టవచ్చు, పేరుతో గుర్తుపట్టవచ్చు. డివైస్ కూడా అంతే. ఏ స్లాటులో ఉందన్నది ఇంటి నంబరు, ఏ కంపెనీ ఏ మోడల్ ఏ సీరియల్ నంబరు అన్నది పేరు. ల్యాబ్‌లో ఎవరైనా కార్డు తీసి పక్క స్లాటులో పెడితే ఇంటి నంబరు మారిపోతుంది. ఒకే మోడల్ కార్డులు రెండుంటే, సీరియల్ నంబరు లేకపోతే, పేరు సరిపోదు. కాబట్టి రెండు రకాలుగానూ రాయనివ్వండి. కనిపించిన వరసను మాత్రం గుర్తుగా వాడనివ్వకండి. ఎంత సులువనిపించినా వద్దు. ఫైల్లో చెప్పిన డివైస్ మెషీన్‌లో ఎక్కడా లేకపోతే అది కూడా చెప్పండి. నిన్నటిదాకా ఉన్న కార్డు ఈరోజు లేదంటే అది నాకు చాలా పనికొచ్చే వార్త.

భాషలో నిర్మాణం చాలకపోతే ఏమవుతుందో చూడండి. సీరియల్ కన్సోల్ (సీరియల్ పోర్టు తీగ మీద మెషీన్‌తో మాట్లాడే తెర) కోసం మనమంతా రాసే లైనులో పోర్టు పేరు తర్వాత కామా పెట్టి, 115200 వేగం, దానికి అతికించి ఎన్ అనే అక్షరం, దానికి అతికించి 8 రాస్తాం. ఎన్ అంటే పారిటీ (తప్పు పట్టే అదనపు బిట్) లేదని, 8 అంటే బిట్లని అలవాటైనవాళ్ళకి తెలుసు. యూఎస్‌బి స్టోరేజ్ డ్రైవర్‌కి ఒక డిస్కుతో ఇబ్బంది ఉంటే దాని రెండు నంబర్లు కోలన్లతో కలిపి, చివర ఒక్కో లక్షణానికి ఒక్కో ఇంగ్లీషు అక్షరం చొప్పున రాయాలి. అందులో 'యూ' అంటే యూఏఎస్ అనే డేటా పంపే పద్ధతి వాడొద్దని. ఇవన్నీ కెర్నల్ దృష్టిలో ఒట్టి అక్షరాల వరసలు. లోపల ఒక్కో డ్రైవర్ తన సొంత చిన్న భాషను దాచుకుంది. పైన ఒక భాష, దాని కడుపులో ఇంకో వంద భాషలు. ప్రతిదానికీ తప్పులు పట్టే పద్ధతి వేరు, కొన్నిటికి ఆ పద్ధతే లేదు. మీ కొత్త పద్ధతిలో జాబితాకీ, పేరు-విలువ జంటకీ, డివైస్ గుర్తుకీ మొదట్నుంచీ సొంత రూపం ఇస్తే ఎవరూ కోలన్ల మధ్య భాషలు దాచుకోవాల్సిన అవసరం రాదు.

ఈ విషయంలో పాత అనుభవం ఒకటి ఉంది. 2.4 కెర్నల్ రోజుల్లో పారామీటర్ రకాన్ని కూడా డ్రైవర్ కోడ్‌లో అక్షరాలుగానే రాసేవారు. 'ఐ' అంటే అంకె, ముందు 1-4 అని రాస్తే ఒకటి నుంచి నాలుగు అంకెల వరస. 2003 చివర్లో వచ్చిన 2.6లో దాని బదులు రకం పేరునే నేరుగా చెప్పే మాక్రో పెట్టారు. దాంతో డ్రైవర్‌లో వేరియబుల్ రకం ఒకటి, పారామీటర్ రకం ఇంకొకటి అయితే కంపైలరే పట్టుకుంటుంది. అంటే మీ ఇంట్లో ఈ పాఠం ఇరవై ఏళ్ళ కిందే నేర్చుకున్నారు. డ్రైవర్ రాసేవాడికి ఇచ్చిన ఆ రక్షణనే ఫైలు రాసేవాడికీ ఇవ్వమంటున్నాను.

పేర్ల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే వాక్యనిర్మాణం ఎంత బాగున్నా పేరు అబద్ధం చెబితే ఉపయోగం లేదు. ఇంటెల్ వైఫై డ్రైవర్‌లో 11ఎన్ డిజేబుల్ అనే పారామీటర్ ఉంది. పేరు చూస్తే 11ఎన్ అనే వైఫై తరం వేగాన్ని ఆపేస్తుందని అర్థమవుతుంది. 1 రాస్తే ఆపేస్తుంది కూడా. 2 రాస్తే పంపేటప్పుడు ప్యాకెట్లు కలపడాన్ని ఆపుతుంది, 4 రాస్తే అందుకునేటప్పుడు. 8 రాస్తే పంపేటప్పుడు కలపడాన్ని మొదలుపెడుతుంది! డిజేబుల్ అని పేరున్న చోట 8 రాస్తే ఒకటి ఎనేబుల్ అవుతుంది. వైఫై నెమ్మదిగా ఉందని ఫోన్లో వెతికిన పిల్లలు ఆ 8 ఎక్కడో చూసి రాసుకుంటారు, స్పీడ్ పెరిగిందని సంతోషిస్తారు. ఎందుకు పెరిగిందో వాళ్ళకి తెలియదు. ఇలాంటిది కావాలని ఎవరూ చేయరు. ఒక బిట్టుతో మొదలై, ఒక్కో అవసరానికి ఒక్కో బిట్టు చేరుతూ వస్తుంది. అంకెల వెనక బిట్లు దాచకుండా, కావాల్సిన లక్షణాల పేర్లు జాబితాగా రాయనిస్తే అసలు ఈ సమస్యే పుట్టదు. పేరు ఎప్పుడూ అవును అన్న అర్థంలోనే పెట్టండి. డిజేబుల్ ఈజ్ ఈక్వల్ టు నో అని రాసి ఉన్న లైను చదివినప్పుడల్లా నేను రెండుసార్లు ఆగి ఆలోచిస్తాను.

అంకెలు ఇంకో తలనొప్పి. ముందు సున్నా పెడితే కెర్నల్ దాన్ని ఎనిమిది మూలంగా ఉన్న సంఖ్యగా చదువుతుంది. 010 రాస్తే 8 అవుతుంది. 08 రాస్తే చెల్లదంటుంది, ఎందుకంటే ఆ పద్ధతిలో 8 అనే అంకే లేదు. నిలువు వరసలు కుదరాలని ముందు సున్నాలు పెట్టే అలవాటు మా ఆఫీసు రిజిస్టర్ల నుంచి వచ్చింది, ఫైళ్ళలోనూ అదే చేస్తాం. దయచేసి ముందు సున్నా ఉంటే పదిమూలంగానే చదవండి, లేదా వద్దని గట్టిగా చెప్పండి. కొలత ప్రమాణాల సంగతీ ఇంతే. యూఎస్‌బి డివైస్ ఖాళీగా ఉంటే ఎంతసేపటికి నిద్రపుచ్చాలో చెప్పే పారామీటర్ సెకన్లలో ఉంది, మామూలుగా 2. అదే సంగతిని ఒక్కో డివైస్‌కి విడిగా చెప్పే ఫైలు మిల్లీసెకన్లలో ఉంది. దాని పేరు చివర ఎంఎస్ అని పెట్టినవాళ్ళకి నా నమస్కారం. 10 సెకన్లు అని మాటతోనే రాయనిచ్చి, మాట లేకుండా ఒట్టి 10 రాస్తే ఒప్పుకోకపోతే ఇంకా బాగుంటుంది.

నేను 1996లో రాజమండ్రిలో కంప్యూటర్ నేర్చుకున్నప్పుడు డాస్‌లో సౌండ్ కార్డుకి బ్లాస్టర్ అని ఒక లైను రాసేవాళ్ళం. ఏ 220, ఐ 5, డి 1. ఏ అంటే పోర్టు అడ్రసు, ఐ అంటే ఇంటరప్ట్, డి అంటే డిఎంఏ, ప్రాసెసర్ ప్రమేయం లేకుండా డేటా నడిచే దారి. అదీ చదవడానికి కష్టమైన లైనే. కానీ మా ఇన్‌స్ట్రక్టర్ డబ్బా మూత తీసి కార్డు మీద జంపర్లు చూపించేవారు. ఫైల్లో 5 ఉంది, కార్డు మీద జంపర్ 5 దగ్గర ఉంది, కాబట్టి సరే. కళ్ళతో పోల్చుకునే వీలుండేది. ఇప్పుడు జంపర్లు లేవు. ఆ జంపర్ చేసిన పని ఇప్పుడు మీ సాఫ్ట్‌వేర్ చేయాలి. డ్రైవర్ నిజంగా ఏ విలువతో నడుస్తోందో నాకు కనిపించాలి.

కెర్నల్ తన విలువలను ఫైళ్ళలా చూపించే సిస్‌ఎఫ్‌ఎస్‌లో చాలావరకు కనిపిస్తుంది, నిజమే. డ్రైవర్ రాసినవాళ్ళు అనుమతి సున్నా పెడితే అసలు కనిపించదు. కనిపించిన చోట కూడా విలువ మాత్రమే కనిపిస్తుంది, అది ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. డిస్ట్రిబ్యూషన్ (డెబియన్, ఫెడోరా లాంటివి) ఇచ్చిన ఫైలు నుంచా, నేను పెట్టిన ఫైలు నుంచా, బూట్ కమాండ్ లైను నుంచా? ఒకే పారామీటర్ మూడుచోట్ల రాసి ఉంటే చివర చదివిన విలువ మిగులుతుంది. ఆ చివరిది ఏదో తెలుసుకోవాలంటే ఫైళ్ళ పేర్లు అక్షరక్రమంలో పేర్చుకుని కూర్చోవాలి. పైగా ఫైలు పేరు చివర కాన్ఫ్ అని లేకపోతే మోడ్‌ప్రోబ్ దాన్ని చదవనే చదవదు. విలువ పక్కనే ఏ ఫైలు, ఎన్నో లైను అని కూడా చూపించే కమాండ్ ఒకటి ఇవ్వండి. అది పెద్ద కోరిక కాదనుకుంటున్నాను.

ఎప్పుడు అమల్లోకి వస్తుందన్నదీ అంతే ముఖ్యం. కొన్ని విలువలు డ్రైవర్ లేచేటప్పుడు ఒక్కసారే చదువుతుంది. అలాంటిదాన్ని తర్వాత మార్చడానికి అనుమతి ఇస్తే, నేను మారుస్తాను, చూస్తే మారినట్టు కనిపిస్తుంది, డివైస్ మాత్రం పాత విలువతోనే నడుస్తుంది. గ్రాఫిక్స్ డ్రైవర్ లాంటివి బూట్ మొదట్లోనే లేస్తాయి. వాటి సెట్టింగ్ ఫైలు కాపీ ఒకటి బూట్ మొదట్లో వాడే చిన్న ఫైళ్ళ మూట, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ లోపల ఉంటుంది. డిస్కు మీద ఫైలు మార్చి, ఆ కాపీని మళ్ళీ తయారుచేయకపోతే నాలుగుసార్లు రీబూట్ చేసినా ఫలితం ఉండదు. డెబియన్‌లో దానికో కమాండ్, ఫెడోరాలో ఇంకో కమాండ్. ఎంత టెన్షన్ పడ్డానో ఒకప్పుడు. డెవ్‌లింక్‌లో ఈ ముడి చక్కగా విప్పారు. ప్రతి పారామీటర్‌కీ నడుస్తుండగానే మారేది, డ్రైవర్ మళ్ళీ మొదలైనప్పుడు మారేది, డివైస్‌లోనే శాశ్వతంగా ఉండిపోయేది అని మూడు రకాలు పెట్టి, మార్చేటప్పుడే ఏ రకమో చెప్పమంటారు. ఆ ఆలోచనను అలాగే తీసుకోండి.

ఇక ఫైలు ఏ భాషలో ఉండాలి అన్నదానికి వస్తాను. జేసన్ అనే ఫైలు రూపం వద్దు. అందులో కామెంట్ రాసే చోటు లేదు. సెట్టింగ్ ఫైల్లో నాకు విలువ కన్నా కామెంటే విలువైనది. ఈ లైను ఎందుకు పెట్టాం, ఏ రోజు, ఏ సమస్య వచ్చి అన్నది నా తర్వాత వచ్చే కుర్రాడికి అక్కడే తెలియాలి. ఆ కామెంట్ తెలుగులో రాసుకోనివ్వండి, యూటీఎఫ్-8 ఎలాగూ ఉంది. యామల్ అనే ఇంకో రూపమూ వద్దంటాను. దాని 1.1 నియమాల్లో నో అని రాస్తే కాదు అనే అర్థంలోకి తనంతట తనే మారిపోతుంది, నార్వే దేశం రెండక్షరాల కోడ్ ఎన్ఓ రాసినవాళ్ళకి తెలుసు ఆ బాధ. పైగా ఖాళీల లెక్క మీద అర్థం ఆధారపడే ఫైలు ఫోన్లోంచి కాపీ చేసి అతికించేవాళ్ళ చేతిలో నిలబడదు.

ఫోన్ అన్నాను కాబట్టి ఇది కూడా చెప్పనివ్వండి. మా పిల్లలు ఈ లైన్లను వాట్సాప్‌లో పంపుకుంటారు, వర్డ్ ఫైళ్ళలో దాచుకుంటారు. ఆ ప్రయాణంలో నిటారుగా ఉండే కోట్ గుర్తులు వంకర కోట్‌లవుతాయి, మామూలు హైఫన్ పొడుగు గీత అవుతుంది. కంటికి తేడా తెలియదు. ఫైలు చదివే పార్సర్‌కి తెలుస్తుంది. తెలిసినప్పుడు "ఈ లైనులో 14వ అక్షరం వంకర కోట్, నిటారు కోట్ పెట్టండి" అని చెప్పగలిగితే ఎందరి రాత్రులో మిగులుతాయి. హైఫన్‌కీ అండర్‌స్కోర్‌కీ తేడా చూడకుండా రెంటినీ ఒకటిగా తీసుకునే మంచి పని కెర్నల్ ఇప్పటికే చేస్తోంది. ఆ దయ మీ పద్ధతిలోనూ ఉండాలి.

2020లో 5.6 కెర్నల్‌తో వచ్చిన బూట్‌కాన్ఫిగ్ చూడండి, బూట్ సమయంలో కెర్నల్‌కి సెట్టింగులు చెప్పే ఫైలు. మసామి హిరమత్సు చేసిన పని అది. చుక్కలతో చెట్టులా పేర్లు, బ్రాకెట్లలో గుంపులు, కామాలతో జాబితాలు. ఒకే పేరుకి రెండుసార్లు విలువ ఇస్తే తప్పంటుంది. చేర్చాలంటే చేర్చే గుర్తు, మార్చాలంటే మార్చే గుర్తు వేరుగా రాయాలి. పొరపాటున రెండోసారి రాసినవాణ్ణీ, కావాలని మార్చినవాణ్ణీ అది వేరుచేసి చూస్తుంది. ఆండ్రాయిడ్ 12 నుంచి ఫోన్లలో కూడా వాడుతున్నారు. మామూలు పీసీల్లో ఉండే ఎక్స్86 ప్రాసెసర్ల మీద 2048 అక్షరాల్లో కుక్కాల్సిన కమాండ్ లైనుతో పోలిస్తే ఎంతో ఊపిరాడుతుంది. కెర్నల్ లోపల పెద్ద పార్సర్ పెట్టకూడదన్న మీ జాగ్రత్త కూడా అందులో ఉంది. కొత్తది కనిపెట్టేముందు దాని మీదే డివైస్ గుర్తును ఎలా నిలబెట్టవచ్చో ఆలోచించమని నా విన్నపం.

నా మనసులో ఉన్న రూపం చెబుతాను. అసలు ఫైల్లో ఇంగ్లీషు అక్షరాలే ఉంటాయి, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

# లాంగ్వేజ్ ల్యాబ్ సాఫ్ట్‌వేర్ 0వ కార్డునే తెరుస్తుంది, అందుకే ఇది
డివైస్ యూఎస్‌బి 1234:5678 {
    ఇండెక్స్ = 0
    నిద్ర_సమయం = 10 సెకన్లు
}

ఇంతే. డ్రైవర్ పేరు కూడా నేను చెప్పక్కర్లేదు, డివైస్ ఏదో చెప్పాను కాబట్టి దాన్ని నడిపే డ్రైవర్ ఎవరో మెషీన్‌కే తెలుసు. దీంతో పాటు, రీబూట్ చేయకుండానే ఈ ఫైలు సరిగ్గా ఉందా లేదా చెప్పే కమాండ్ ఒకటి. ఫైల్లోని ప్రతి పేరూ నిజంగా ఉందా, ప్రతి విలువా హద్దులో ఉందా, ఈ డివైస్ ఇప్పుడు మెషీన్‌లో ఉందా, మార్పు ఎప్పుడు అమల్లోకి వస్తుంది. పరీక్ష ముందు రోజు సాయంత్రం నేను నడపాల్సింది ఆ కమాండే.

మాడ్యూల్ ఫైల్లో పారామీటర్ పేరు, రకం, వివరణ ఇప్పటికే ఉంటున్నాయి, మోడ్‌ఇన్ఫో కమాండ్ కొడితే వస్తున్నాయి. హద్దులు, ప్రమాణం, అమలయ్యే సమయం, రిటైరైన పేర్లు, ఈ నాలుగూ కూడా అక్కడే చేర్చండి. పని సగం అయినట్టే.

మీ పద్ధతి ముసాయిదా తయారైతే మా ల్యాబ్ వాడుకోండి. 36 సిస్టమ్‌లు, రెండు రకాల మదర్‌బోర్డులు, మూడు రకాల హెడ్‌సెట్లు ఉన్నాయి. ఆదివారాలు ఖాళీ. మా సెకండియర్ పిల్లలు నలుగురు కావాలని తప్పులు రాసి, మీ పార్సర్ ఏం జవాబు చెబుతుందో ఒక్కొక్కటీ నోట్ చేసి పంపిస్తారు. వాళ్ళలో ఆ రోజు ఖాళీ రికార్డింగ్ వచ్చిన అమ్మాయి కూడా ఉంది. తనే అడిగింది, సార్ నేనూ ఉంటానని.

ఇట్లు,
ఒక కంప్యూటర్ ల్యాబ్ ఇన్‌చార్జ్